జ్వాలకు ఆధారమేది?

మండుతున్న కట్టెకూ దానిమీద లేచే మంటకూ ఉన్న సంబంధమేమిటన్నది భారతీయ దర్శనాల్లో చాలా పాత ప్రశ్న. మంట కట్టెలోనే దాగి ఉండి బయటపడుతుందా, కొత్తగా పుడుతుందా? నిమిషం కిందటి జ్వాలా ఇప్పటి జ్వాలా ఒకటేనా? ఆరిపోయాక అది ఎక్కడికి పోతుంది? ఈ ప్రశ్నలు వేసినవారికి నిప్పు మీద ఆసక్తి తక్కువ, మనిషి మీద ఎక్కువ. దేహం కట్టె అనుకుంటే మంటలాంటిదేదైనా మనిషిలో ఉందా, దేహం కూలాక దాని గతేమిటి అన్నదే అసలు వివాదం. ఉపనిషత్కర్తలు, బుద్ధుడు, నాగార్జునుడు, శంకరుడు, నైయాయికులు, ఎవరి దారిన వారు ఈ ఉదాహరణ దగ్గరికి వచ్చినవారే.

వాళ్ళ ఎదుట ఉన్నవి దీపం, హోమకుండం, వంటింటి పొయ్యి, చేత తిప్పే కొరివి. వీటన్నిటిలోనూ గాలి అడగకుండానే వస్తుంది, కాబట్టి లెక్కలోకి రాదు. గాలిని ఆపి, కావలసినంతే లోపలికి వదిలే పొయ్యి వాళ్ళ కళ్ళెదుట ఉంటే చర్చ కొంత వేరుగా నడిచేదేమో. అలాంటి పొయ్యి అమెరికా, కెనడా, ఉత్తర ఐరోపా ఇళ్ళలో ఇప్పుడు మామూలు వస్తువు. పాతకాలపు ఇటుక చలిపొయ్యి గూట్లో అమర్చే ఇనుప పెట్టె అది. ఇన్సర్ట్ అంటారు. ముందువైపు గాజు తలుపు, పైన పాత పొగగొట్టంలోకి దింపిన ఉక్కు గొట్టం, ముందుభాగంలో గాలి పాళ్ళు మార్చే మీట ఉంటాయి. ఆ మీటనే వాడుకలో డ్యాంపర్ అంటారు. ఖచ్చితంగా చెప్పాలంటే డ్యాంపర్ పొగగొట్టానికి అడ్డంగా తిరిగే రేకు. గాలి వచ్చే కంతను బిగించేది వేరు. పాత పొయ్యిల్లో మొదటిది, కొత్త ఇన్సర్టుల్లో ఎక్కువగా రెండోది కనిపిస్తుంది. ఒకటి పోయే దారిని, ఇంకొకటి వచ్చే దారిని ఇరుకు చేస్తుంది. ఎలా చేసినా పెట్టెలో గాలి నడక తగ్గుతుంది.

గాలిని లోపలికి లాగేది పొగగొట్టమే. వేడెక్కిన వాయువు తేలికై పైకి పోతుంటే దాని వెనకే గదిలోని గాలి పెట్టెలోకి చొరబడుతుంది. గొట్టం ఎంత ఎత్తుంటే, లోపలి వేడికీ బయటి చలికీ ఎంత తేడా ఉంటే, లాగుడు అంత బలంగా ఉంటుంది. అంటే మంట తనకు కావలసిన గాలిని తానే రప్పించుకుంటుంది. ఆ గాలి వస్తేనే మంట నిలుస్తుంది. గొట్టం చల్లగా ఉంటే ఈ చక్రం తిరగదు, పొగ గదిలోకి తన్నుకొస్తుంది. అందుకే ముందు సన్నటి పుల్లలతో గొట్టాన్ని కాచి, తర్వాత మొద్దులు వేస్తారు.

ఇక కట్టె సంగతి. వేడి తగలగానే మొదట అందులోని నీరు 100 డిగ్రీల దగ్గర ఆవిరవుతుంది. అప్పుడే నరికిన మానులో బరువులో సగం దాకా నీరే ఉండవచ్చు. ఇన్సర్టులో వేసే కట్టెలో 20 శాతానికి మించకూడదంటారు. 200 డిగ్రీలు దాటాక కట్టె పదార్థం విడిపోయి వాయువులుగా, తారు ఆవిరులుగా బయటికొస్తుంది. ఎండుకట్టె బరువులో చాలా భాగం ఇలా వాయువయ్యేదే. ఆ వాయువుకు 600 డిగ్రీల ప్రాంతపు వేడి, తగినంత గాలి రెండూ ఒకేచోట దొరికితే మండుతుంది. ఏ ఒక్కటి దొరక్కపోయినా పొగై పోతుంది. వాయువంతా వదిలాక మిగిలే బొగ్గు దాదాపు జ్వాల లేకుండా కణకణలాడుతూ కాలుతుంది. జ్వాలలోని పసుపుదనం అందులో తేలే మసి రేణువులు కాగి వెలగడం వల్ల వచ్చేది. మసి కట్టకముందే వాయువు కాలిపోయిన చోట నీలం కనిపిస్తుంది. మొత్తం మీద జ్వాల అనేది ఒక సరిహద్దు. కట్టెనుంచి లేచే వాయువు, పక్కనుంచి వచ్చే గాలి అక్కడ కలుస్తాయి; కలిసినవి సెకనులో చిన్న భాగంలో ఆ చోటు దాటిపోతాయి. నిలిచి కనిపించేది ఆకారమే.

మీట పూర్తిగా తెరిచి ఉంచితే మంట కట్టెను అంటిపెట్టుకుని, హోరుమంటూ, కొనలు చీలి పైకి ఎగబాకుతుంది. గది వేడెక్కాల్సిన సెగ చాలావరకు గొట్టం పాలవుతుంది. పెట్టె బాగా కాగాక మీట సగం బిగిస్తే మంట వేగం తగ్గి, సాగి, మెల్లగా ఊగుతుంది. ఇంకాస్త బిగిస్తే కట్టెను ఒరుసుకుని ఉన్న మంటలు సన్నబడి ఒక్కొక్కటే ఆరిపోతాయి. వాటికి బదులు పెట్టె పైకప్పు కింద, చిల్లులున్న గొట్టాల దగ్గర, వేరే మంటలు అంటుకుంటాయి. ముందే వేడెక్కిన గాలి ఆ చిల్లుల్లోంచి వస్తుంది. కింద గాలి చాలక కాలకుండా లేచిన వాయువు ఇక్కడ దాన్ని కలుసుకుని మండుతుంది. కట్టె నల్లగా ఉంటుంది. దానికి జానెడు పైన, దేన్నీ తాకకుండా, తొందర లేని మంట వేలాడుతుంది. పెట్టె కాగకముందే మీట బిగిస్తే మాత్రం ఇదేమీ జరగదు. కట్టె కుములుతుంది, గాజు నల్లబడుతుంది, కార్బన్ మోనాక్సైడ్ ఎక్కువవుతుంది, గొట్టం గోడలకు తారు పేరుకుంటుంది. ఆ తారు తర్వాతెప్పుడో గొట్టంలోనే అంటుకుని ఇంటికి నిప్పు తేగలదు. కుములుతున్న పెట్టె తలుపు ఒక్కసారిగా లాగితే లోపల నిండిన వాయువుకు గాలి అంది భగ్గుమంటుంది. తెలిసినవాళ్ళు ముందు మీట తెరిచి, కాసేపాగి, తలుపును సందు చేసి అప్పుడు తీస్తారు.

దేన్నీ తాకకుండా వేలాడే ఆ మంటను దగ్గర పెట్టుకుని పాత వాదాలను ఒక్కొక్కటిగా చూడవచ్చు.

మంట కట్టెలో ముందే ఉందన్నది వాటిలో ప్రాచీనమైనది. శ్వేతాశ్వతరోపనిషత్తు అరణిలోని, అంటే మథించి నిప్పు పుట్టించే కట్టెలోని, అగ్నిని ఆత్మకు ఉపమానంగా తెస్తుంది. కట్టెలో ఉన్నంతకాలం దాని రూపం కనిపించదు, అలాగని నశించనూ లేదు. మథిస్తే మళ్ళీ దొరుకుతుంది. కఠోపనిషత్తులో ఒకే అగ్ని లోకంలో ప్రవేశించి, ఏ వస్తువులో ఉంటే ఆ వస్తువు రూపం పొందుతుంది. ఇంధనం తీరిన నిప్పు తన మూలంలోనే శమించినట్టు చిత్తమూ శమిస్తుందని మైత్రాయణీయోపనిషత్తు అంటుంది. ఈ చూపులో ఆరిపోవడమంటే కనుమరుగు కావడమే తప్ప నాశనం కాదు. సాంఖ్యులు దీన్నే సత్కార్యవాదంగా బిగించారు: కారణంలో లేనిది కార్యంగా రాదు. ఐరోపాలో 18వ శతాబ్దిలో చలామణీ అయిన ఫ్లాజిస్టన్ సిద్ధాంతానికి కూడా ఇలాంటి పోకడే ఉంది. మండే వస్తువులో దాగిన ద్రవ్యమేదో మండేటప్పుడు విడుదలవుతుందని దాని సారాంశం. 1770లలో రసాయనవేత్త లావోయిజియే తూకాలు వేసి, మండే వస్తువు గాలినుంచి ఒక భాగాన్ని పుచ్చుకుంటుందని చూపాక అది కూలింది.

మీట బిగించిన పెట్టె సాంఖ్యుణ్ణి కొంత ఇబ్బంది పెడుతుంది. కట్టె ఉంది, వేడి ఉంది, మంట లేదు. మంట కట్టె సొత్తే అయితే గాలిదారి ఇరుకైనంత మాత్రాన ఆగడమెందుకు? గాలి అభివ్యక్తికి సహకారి మాత్రమేనని, మీట అడ్డుతెర మాత్రమేనని సాంఖ్యుడు జవాబివ్వగలడు. ఆ జవాబు తప్పని నిరూపించడం కష్టం. అయితే సహకారి లేకుండా ఎన్నడూ కనబడనిదాన్ని దాగి ఉందనడం వల్ల కొత్తగా తెలిసేదేమిటో చెప్పడం అంతకంటే కష్టం.

బుద్ధుడి వైఖరి వేరు. మజ్ఝిమనికాయంలోని 72వ సుత్తంలో వచ్ఛగోత్తుడనే పరివ్రాజకుడు ముక్తుడు మరణానంతరం ఎక్కడ పుడతాడని అడుగుతాడు. పుడతాడన్నా, పుట్టడన్నా, రెండూ అన్నా, రెండూ కాదన్నా పొసగదని వింటాడు, తికమకపడతాడు. అప్పుడు బుద్ధుడు ఎదురుప్రశ్న వేస్తాడు: నీ ముందు మండే నిప్పు ఆరిపోతే తూర్పుకు పోయిందంటావా, పడమటికా? అలా అడగడమే కుదరదని వచ్ఛగోత్తుడు ఒప్పుకుంటాడు. గడ్డీ కట్టే ఉన్నాయి గనక మండింది. అవి తీరి, వేరేవి అందక ఆరింది. ఇక్కడ నిప్పు దాగిందన్న మాటా లేదు, నశించిందన్న మాటా లేదు. దిక్కు గురించిన ప్రశ్న ఒక వస్తువును ఊహించుకుని పుట్టింది. వస్తువును తీసేస్తే ప్రశ్నా ఉండదు. మీటతో మంటను ఆర్పిన మనిషిని అది ఏ దిక్కుకు పోయిందని అడిగితే అతనూ ఇంతకంటే భిన్నంగా చెప్పలేడు.

ఇదే వచ్ఛగోత్తుడు సంయుత్తనికాయంలో ఇంకో ప్రశ్న వేస్తాడు, అది మరింత పదునైనది. ఇంధనం ఉంటేనే నిప్పు మండుతుందని బుద్ధుడు అనగానే, గాలికి ఎగిరి దూరంగా పోయే మంటకు ఇంధనమేదని నిలదీస్తాడు. అప్పటికి గాలే దాని ఇంధనమని బుద్ధుడి జవాబు. మరి ఈ దేహం వదిలి ఇంకో దేహంలో ఇంకా పుట్టని జీవికో? తృష్ణ. బౌద్ధుల్లో సర్వాస్తివాదులు మరణానికీ పునర్జన్మకూ మధ్య అంతరాభవమనే స్థితి ఉందన్నారు. థేరవాదులు దాన్ని నిరాకరించి, ఈ సుత్తాన్ని తమ పద్ధతిలో వివరించుకోవలసి వచ్చింది. మధ్యలో ఖాళీ ఉందా లేదా అన్నదే తగవు.

ఇన్సర్టులో వేలాడే మంటకు ఈ సంవాదం అచ్చంగా వర్తిస్తుంది. దాని ఇంధనం గాలి అన్న మాట కొంతవరకే నిలుస్తుంది. గాలి రాకపోతే ఆ మంట లేదు, నిజమే. కానీ కట్టెనుంచి లేచిన వాయువు కూడా అక్కడికి చేరింది. కట్టెకూ మంటకూ నడుమ కంటికి కనిపించే ఖాళీలో మండగలిగిన పదార్థం ఎడతెగకుండా పారుతూనే ఉంది. గాలికెగిరిన మంటకైనా ఇదే వర్తిస్తుంది; కాలని వాయువును అది తనతో ఈడ్చుకుపోతుంది. ఖాళీ లేదన్న థేరవాదికి ఈ దృష్టాంతం అనుకూలం. అయితే దృష్టాంతం మంట గురించే చెబుతుంది. మరణం గురించి రసాయనశాస్త్రం చెప్పగలిగిందేమీ ఇందులో లేదు, ఆ ఉద్దేశంతో దీన్ని వాడేవారు తొందరపడుతున్నారనే అనుకోవాలి.

జ్వాల కాలంలో నిలిచే ఒక వస్తువా అన్నది మరో ప్రశ్న. మిలిందపఞ్హలో నాగసేనుడు మిలిందరాజుకు రాత్రంతా వెలిగే దీపాన్ని చూపుతాడు. తొలిజాము జ్వాలే నడిజాము జ్వాల కాదు. అలాగని తొలిజామున ఒక దీపం, నడిజామున ఇంకో దీపం వెలిగాయనీ అనలేం. పుట్టినవాడూ ముసలివాడూ అలాంటివారే. ఏదీ క్షణానికి మించి నిలవదనే బౌద్ధ క్షణికవాదులు దీన్ని సమస్త వస్తువులకూ విస్తరించారు. ఎదిరిపక్షం ఆయుధం ప్రత్యభిజ్ఞ: నిన్న చూసినదే ఇది అని గుర్తుపడుతున్నాం కదా! మీమాంసకులు శబ్దం నిత్యమని వాదించడానికి దీన్నే వాడారు. అప్పుడు బౌద్ధుడు దీపజ్వాలను ముందుకు తోస్తాడు. అదే జ్వాల అని అందరూ అనుకుంటారు, అందరూ పొరబడతారు. ఆశ్చర్యమేమంటే ఈ ఒక్క విషయంలో వైదిక దార్శనికులు పెద్దగా పేచీ పెట్టలేదు. జ్వాలలో గుర్తింపు పోలికవల్ల వచ్చిన భ్రమేనని ఒప్పుకుని, అన్నిచోట్లా అలాగే అనడానికి వీల్లేదని వాదించారు.

మీట కదిలించినప్పుడు జరిగేది నాగసేనుడి మాటకు చక్కగా సరిపోతుంది. కింది మంటలు ఆరి పైమంటలు అంటుకున్నప్పుడు చూసేవారు మంట పైకి లేచిందంటారు. లేచింది వాయువు, కింది మంట అక్కడే ముగిసింది, పైది అక్కడే మొదలైంది. పూర్తిగా వేరేదందామంటే రెండింటి వెనక ఉన్న కట్టె ఒకటే, కాలకుండా మిగిలిన వాయువు ఒకటే.

శంకరుడు ఈ ఉదాహరణకు హద్దు గీశాడు. బ్రహ్మసూత్రభాష్యంలో, రెండో అధ్యాయం రెండో పాదంలో క్షణికవాదాన్ని ఖండిస్తూ, బయటి వస్తువు విషయంలో ఇది అదేనా, దానిలాంటిదా అన్న సందేహం ఎప్పుడైనా రావచ్చునని వదిలేస్తాడు. చూసేవాడి విషయంలో మాత్రం, నిన్నటివాణ్ణి నేనేనా, నాలాంటి వేరొకడినా అన్న సందేహం ఎవరికీ రాదంటాడు. జ్వాలను బౌద్ధులకు ఇచ్చేసి, జ్వాలను చూసేవాణ్ణి తన దగ్గర ఉంచుకోవడమిది. ఎత్తుగడ గట్టిదే. సందేహం రాకపోవడం ఒకటి, సందేహానికి తావు లేకపోవడం ఇంకొకటి కదా అని బౌద్ధుడు అడగవచ్చు. దీపజ్వాల విషయంలోనూ విచారించేదాకా ఎవరికీ సందేహం రాదు.

అందరికంటే పట్టుదలగా నిప్పునూ కట్టెనూ విచారించినవాడు నాగార్జునుడు. సంప్రదాయం ఆయన్ను శ్రీపర్వతంతో ముడిపెడుతుంది. ఇక్ష్వాకుల విజయపురి వెలసిన లోయకు నాగార్జునకొండ అన్న పేరు ఆ జ్ఞాపకంతోనే వచ్చింది. అక్కడి శాసనాల్లో అపరమహావినశైలీయులు, బహుశ్రుతీయులు, మహీశాసకులు మొదలైన పలు బౌద్ధశాఖల పేర్లు కనిపిస్తాయి. ఇన్ని శాఖలు పక్కపక్కనే ఉన్న చోట ఇలాంటి వాదాలు ఊరికే పడి ఉండవు. మూలమధ్యమకకారికలో పదో ప్రకరణం అగ్నీంధనపరీక్ష, 16 కారికలు. అందులో ఎదిరిపక్షం వాత్సీపుత్రీయులనే బౌద్ధశాఖ. అది పుద్గలుడు, అంటే వ్యక్తి, ఉన్నాడని, అతడు దేహమనస్సులుగా ఏర్పడే స్కంధాలతో ఒకటీ కాదు, వేరూ కాదని, కట్టెకూ నిప్పుకూ ఉన్నదే ఆ సంబంధమని వాదించేది. తర్వాతికాలంలో వసుబంధుడు అభిధర్మకోశం చివర తలపడింది కూడా వారితోనే, ఈ ఉదాహరణతోనే.

నాగార్జునుడి తర్కం ఇలా నడుస్తుంది. నిప్పూ కట్టే ఒకటే అయితే కాల్చేదీ కాలేదీ ఒకటవుతుంది. వేరైతే కట్టె లేకుండానే నిప్పు ఎప్పుడూ మండుతూ ఉండాలి. అంటించే ప్రయత్నం వ్యర్థం. పరస్పరం ఆధారపడతాయంటే ముందు సిద్ధమైనదేది, దాన్ని ఆధారం చేసుకున్నదేది? కాలనిది ఇంధనమే కాదు. ఇంధనం లేనిది నిప్పే కాదు. చివరికి నిప్పులో కట్టె లేదు, కట్టెలో నిప్పు లేదు, నిప్పుకు కట్టె సొత్తూ కాదు. ఆత్మకూ స్కంధాలకూ ఇదే వరస అని ముగిస్తాడు.

ఈ 16 కారికల్లో గాలి ఊసు లేదు. దాన్ని చేరిస్తే తర్కం బలపడుతుందా, సడలుతుందా? రెండూ జరుగుతాయి. పొగగొట్టం లాగుడు పరస్పరం ఆధారపడటానికి ఇంతకంటే మంచిది దొరకని ఉదాహరణ: మంట ఉంటే గాలి వస్తుంది, గాలి వస్తే మంట ఉంటుంది, ఏది ముందని అడిగితే జవాబుండదు. అగ్గిపుల్ల ముందని లోకజ్ఞుడు అంటాడు. అది మొదలుపెట్టిన మంట గురించిన మాట, నిలిచి ఉన్న మంట గురించినది కాదు. మరోవైపు, వేరైతే ఆధారపడటం ఉండదన్న మెట్టు బలహీనమని వేలాడే మంట చూపుతుంది. అది కట్టెకు జానెడు ఎడంగా ఉంది, కట్టెమీద ఆధారపడే ఉంది. వేరుగా ఉండటానికీ స్వతంత్రంగా ఉండటానికీ మధ్య ఉన్న దూరాన్ని నాగార్జునుడు ఒక్క అంగలో దాటాడనిపిస్తుంది. నాగార్జునుణ్ణి అనుసరించే మాధ్యమికుడి సమాధానం ఊహించదగ్గదే. ఆయన చెప్పే వేరుదనం చోటుకు సంబంధించినది కాదు, స్వభావానికి సంబంధించినది. తన స్వభావంతో తాను ఉన్నదానికి ఇంకొకదాని అవసరం ఎందుకుంటుంది? ఈ షరతు ఒప్పుకుంటే తర్కం గట్టిదే. స్వభావమంటే అంత సంపూర్ణమైన స్వాతంత్ర్యమేనని ప్రతిపక్షి ఎందుకు ఒప్పుకోవాలన్నదే మిగిలే తగువు.

నైయాయికులకు, అంటే న్యాయదర్శనం వారికి, నిప్పు ఒక ద్రవ్యం, తేజస్సు. 17వ శతాబ్దికి చెందిన అన్నంభట్టు, తెలుగువాడని ప్రసిద్ధి, తర్కసంగ్రహంలో దాన్ని నాలుగు రకాలుగా విభజించాడు: భూమిమీది నిప్పు, మెరుపు వంటి దివ్యతేజస్సు, కడుపులోని జఠరాగ్ని, గనిలో దొరికే బంగారం. ఈ విభాగం ఇప్పుడు నిలవదు. నిలిచేది అదే గ్రంథంలోని మరో అంశం. కొండమీద పొగ ఉంది కనుక నిప్పుందనవచ్చు. నిప్పుంది కనుక పొగ ఉందనరాదు. కాలిన ఇనుపగుండులో నిప్పుంది, పొగ లేదు. పొగ రావాలంటే పచ్చికట్టె తగలాలి. ఇలాంటి అదనపు షరతును ఉపాధి అంటారు. కట్టెలో నీరు 20 శాతం దాటకూడదనే నేటి సూత్రానికి ఇది బాగా దగ్గర. అయితే మీట బిగించి చూస్తే ఎండుకట్టె కూడా పొగ కక్కుతుంది. పచ్చిదనం ఒక్కటే ఉపాధి కాదు. గాలి చాలకపోవడం ఇంకొకటి. పొగ ఉన్నచోట నిప్పుండటమనే వ్యాప్తికి న్యాయగ్రంథాలు ఎప్పుడూ వంటింటినే ఉదాహరణగా చెబుతాయి. ఆ వంటింట్లో ఊదుగొట్టం పట్టుకున్న మనిషికి ఈ రెండో ఉపాధి రోజూ తెలిసిందే. శాస్త్రకర్తలు ఆమెను అడిగినట్టు లేదు.

ఇంకా తేలనిది కర్త ప్రశ్న. మంటలో ఉన్నవి వాయువు, గాలి, వేడి మాత్రమేనని ఒప్పుకున్నా, మీట మీద ఒక చెయ్యి ఉంది కదా, ఎంత మండాలో ఎంచుకునేది అదే కదా అని నైయాయికుడు అడుగుతాడు. కార్యసామగ్రి తనంతట తాను పొందిక కుదుర్చుకోదు, చేతనుడైన కర్త ఉండాలన్నది అతని పట్టు. దీనికి కొన్ని పొయ్యిల్లో ఒక జవాబు దొరుకుతుంది. వాటిలో మీటకు బదులు రెండు లోహాల పట్టీ చుట్ట ఉంటుంది. వేడెక్కితే రెండు లోహాలూ వేర్వేరుగా వ్యాకోచించి చుట్ట మెలితిరుగుతుంది, గాలి కంత మూసుకుంటుంది, చల్లబడితే తెరుచుకుంటుంది. మంట తన గాలిని తానే తగ్గించుకుని, తానే పెంచుకుంటుంది. అక్కడ నియమించేది కూడా నియమితమైన వాటిలో ఒకటే. ఇది బౌద్ధుడికి నచ్చే ఏర్పాటు. ఎంత వేడికి మూసుకోవాలో ఆ చుట్టను మొదట ఎవరో తిప్పి పెట్టారని నైయాయికుడు గుర్తుచేస్తాడు. ఆ తిప్పిన చెయ్యి కూడా చలి, అలవాటు, కట్టెల ధర వంటి కారణాలకు లోబడే తిరిగిందని బౌద్ధుడు అంటాడు. ఇక్కడినుంచి వాదం నిప్పు మీదినుంచి దిగి ఇచ్ఛాస్వాతంత్ర్యం మీదికి పోతుంది. దానికి కట్టె, గాలి, మీట చాలవు.